ఫొటో పొద్దున ఆకుపచ్చగా కొడుతోంది!

ప్రశ్న: సార్, మా తాతయ్య పాత ఫొటో స్కాన్ చేసి ఇంట్లో ఆరు రంగుల ఇంక్‌ట్యాంక్ ప్రింటర్ మీద బ్లాక్ అండ్ వైట్‌లో తీశాను. రాత్రి లైటు కింద బానే ఉంది, పొద్దున బాల్కనీలో చూస్తే తెల్ల పంచె మడతలన్నీ ఆకుపచ్చగా కొడుతున్నాయి. ఏ ఇంకు వాడాలి? (ఓ పాఠకుడు, మలక్‌పేట)

జవాబు: తప్పు మీది కాదండీ, ఇంకుది. మీ ప్రింటర్లో బహుశా నలుపు ఒక్కటే ఉండుంటుంది, గ్రే ఉండకపోవచ్చు, అందుకని గ్రే కావాల్సిన చోటల్లా సయాన్ (లేత నీలం), మెజెంటా (ముదురు గులాబీ), పసుపు కలిపి లాగించేస్తుంది, ఆ కలిపింది ఒక లైటు కింద ఒకలా ఇంకో లైటు కింద ఇంకోలా కనబడుతుంది, దీన్నే మెటామెరిజం అంటారు. పోనీ నలుపు ఒక్కటే పెట్టి తీద్దామా అంటే ఆకుపచ్చ పోతుంది గానీ తాతయ్య నుదుటి మీద మిరియాల పొడి చల్లినట్టు చుక్కలు తేలతాయి. నేను చేసి చూశా, బాలేదు.

గ్రే ఇంకులున్న పిగ్మెంట్ (కరగని సన్నటి రంగు పొడితో చేసిన ఇంకు) ప్రింటరే కరెక్టు. ఎప్సన్ పాత మోడళ్లలో వీటిని లైట్ బ్లాక్, లైట్ లైట్ బ్లాక్ అనేవాళ్లు, కొత్తవాటిల్లో గ్రే, లైట్ గ్రే అంటున్నారు, కేనన్ ప్రో-1000లో గ్రే, ఫొటో గ్రే. నలుపు ఇంకులోనూ రెండు రకాలు, మెరిసే పేపరుకి ఫొటో బ్లాక్, కాటన్ మ్యాట్ పేపరుకి మ్యాట్ బ్లాక్, మ్యాట్ మీద ఫొటో బ్లాక్ వాడితే నలుపు బూడిదలా తేలిపోతుంది. కార్బన్ ఇంకులూ ఉన్నాయి, అది మసే కదా, ఓ పట్టాన వెలవదు.

అలాగని సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లమ్మే సీటీసీకెళ్లి పిగ్మెంట్ ఇంకు కొనుక్కొచ్చి మీ డై (కరిగిన రంగు ఇంకు) ప్రింటర్లో మాత్రం పోసేయకండి, ఇంకు చిమ్మే హెడ్ జామ్ అయ్యే ప్రమాదం ఉంది. ఒక్క ఫొటో కోసమైతే ప్రింటరెందుకు, గ్రే ఇంకులున్న మెషీన్ ఉందా అని ల్యాబ్‌లో అడిగి ముందు చిన్న సైజులో తీయించి, బయట ఎండలో ఓసారి చూసుకోండి.