సద్దుమణిగేది ఏది?

సందేహం: కృష్ణానగర్‌లో ఎడిటింగ్ నేర్పుతుంటాను. పాఠాలు తెలుగులో రాస్తూ ‘ఫేడ్ అవుట్’ (బొమ్మ గాని శబ్దం గాని మెల్లగా తగ్గి మాయమవడం) దగ్గర ఆగిపోయాను. ‘మసకబారడం’ అంటే బొమ్మకూ శబ్దానికీ సరిపోతుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: సరిపోదు. మసక కంటికే గాని చెవికి లేదు. బొమ్మకు వాడినా ఫోకస్ తప్పిందనుకుంటారు.

శబ్దానికి మనకు నిండైన మాట ఉంది: సద్దుమణగడం. శబ్దానికి తద్భవం సద్దు, ప్రాకృతంలో ‘సద్ద’. మణుగు అచ్చతెలుగు క్రియ. ‘అణగిమణిగి ఉండు’ అన్నప్పుడు వినిపించేది అదే. పొద్దుపోయాక వీధిలో మాటలు, గిన్నెల చప్పుళ్లు, కుక్కల అరుపులు కొంచెం కొంచెంగా తగ్గి ఊరు సద్దుమణుగుతుంది. దీపం ఆరుతుంది, బండి ఆగుతుంది. సద్దు మాత్రం మణుగుతుంది. నెమ్మదితనం ఆ క్రియలోనే ఉంది, ‘క్రమంగా’ అని తగిలించనక్కర్లేదు. ఇంతటి మాటను వార్తలవాళ్లు గొడవలకే అప్పగించారు. అదీ చాలక ‘సర్దుమణిగింది’ అని రాస్తున్నారు! సామాను సర్దడానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. దయచేసి మీ విద్యార్థులకైనా ఈ రేఫను మానిపించండి.

మాటతోపాటు పనీ చెప్పవచ్చు. వాల్యూమును తిన్నని గీతలో సున్నాకు దించితే సగం దారిలో తగ్గేది సుమారు 6 డెసిబెల్సే. పాట ఇంకా గట్టిగానే వినిపిస్తూ, చివర్లో చటుక్కున పడిపోతుంది. అది ఆగడం, మణగడం కాదు. మొదట త్వరగా దిగి తోక సాగే వంపుగీత పెడితే చెవికి నిజంగా మణిగినట్టుంటుంది.

శబ్దం మెల్లగా పెరిగే ఫేడ్ ఇన్‌కు ‘పుంజుకోవడం’ చాలు. క్రాస్‌ఫేడ్ అంటే ఒకటి మణుగుతుండగా మరొకటి పుంజుకోవడం.

బొమ్మ సంగతి అంత తేలిక కాదు. రంగు వెలిసింది, వాన వెలిసింది అంటాం గనక ‘వెలియడం’ వైపు మనసు లాగుతుంది. కాని వెల్ల, వెలవెలబోవడం గుర్తుకొచ్చి ఆ మాటలో తెలుపు తోస్తుంది. తెర తెల్లబడే ఫేడ్‌కు అది చక్కగా అమరుతుంది. నల్లబడే ఫేడ్‌కు మాత్రం ‘బొమ్మ చీకట్లో కలుస్తుంది’ అని విడమరిచి రాయడమే ప్రస్తుతానికి మేలనిపిస్తోంది. సాఫ్ట్‌వేర్ మీటల పేర్లను ఫేడ్‌గానే ఉంచండి; విద్యార్థి వాటిని వెతుక్కోవాలి కదా.