పసిపాప చిగురుపై కండ: ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: మా అమ్మాయికి నాలుగు రోజుల క్రితం ఆడపిల్ల పుట్టింది. పైచిగురు ముందు భాగాన ఉసిరికాయంత ఎర్రటి కండ వేలాడుతోంది. నోరు మూతపడడం లేదు, రొమ్ము పట్టడం లేదు. ఆపరేషన్ చేయాలంటున్నారు. ఇది క్యాన్సరా? గ్రహణం వల్ల వచ్చిందంటున్నారు, నిజమేనా?
- ఒక అమ్మమ్మ, ఉప్పల్, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి ఇది 'కంజెనిటల్ ఎపులిస్', అంటే పుట్టుకతోనే చిగురుపై ఉండే కణితి, అయ్యే అవకాశం ఎక్కువ. 1871లో న్యూమన్ అనే జర్మన్ పాథాలజిస్టు తొలిసారి వివరించిన ఈ అరుదైన కణితి క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు కూడా. మగపిల్లలకన్నా ఆడపిల్లల్లో ఎనిమిది నుంచి పది రెట్లు ఎక్కువగా, అందులోనూ పైదవడ ముందు భాగంలోనే తరచుగా కనిపిస్తుంది. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. మీ అమ్మాయిని ఎవరూ ఆ మాట అనకుండా చూడండి.

పుట్టాక ఈ కణితి సాధారణంగా పెరగదు. శనగగింజంత ఉండి, పాలు తాగడానికి అడ్డు రాకపోతే కొన్నాళ్లు ఆగి చూద్దామనే నేనూ చెబుతాను, ఎందుకంటే చిన్నవి కొన్ని వాటంతటవే కుంచించుకుపోతాయి. మీ మనవరాలు పాలే తాగలేకపోతోంది కాబట్టి ఆలస్యం తగదు. ఆపరేషన్ అయ్యేదాకా తల్లిపాలు పిండి, డాక్టర్ సూచన మేరకు ఉగ్గుగిన్నెతోనో, ట్యూబు ద్వారానో పట్టించాలి. కండ రాలిపోతుందని దాని కాడకు దారమో వెంట్రుకో బిగించి కట్టవద్దు. రక్తస్రావం, ఇన్ఫెక్షన్ రావచ్చు.

ఈ కండ చాలావరకు సన్నని కాడతో చిగురును అంటిపెట్టుకుని ఉంటుంది. సర్జన్ ఆ కాడను మొదలు దగ్గర కోసి, రక్తం కారకుండా కాటరీ (వేడితో రక్తనాళాలను మూసే పరికరం) పెడతారు, అవసరమైతే ఒకటి రెండు కుట్లు వేస్తారు. అడుగున పాలపళ్ల మొగ్గలుంటాయి కనుక లోతుగా తవ్వరు. కాస్త మిగిలినా ఇది తిరిగి పెరగదన్నదే వైద్యుల అనుభవం. అసలు జాగ్రత్తంతా మత్తు దగ్గరే, ఎందుకంటే నోటికి అడ్డంగా ఉన్న కండను దాటించి శ్వాసగొట్టం వేయాలి. కాడ బాగా సన్నగా ఉంటే ఆ చోటును మాత్రమే మొద్దుబార్చే లోకల్ ఇంజెక్షన్‌తోనే పని జరగవచ్చు. అందుకే నీలోఫర్ లాంటి, పిల్లల సర్జన్, నవజాత శిశువులకు మత్తు ఇవ్వడంలో అనుభవమున్న డాక్టర్ ఇద్దరూ ఉన్న ఆసుపత్రిలోనే చేయించండి. రక్తం గడ్డకట్టడానికి అవసరమైన విటమిన్ కె ఇంజెక్షన్ పుట్టినప్పుడు వేశారో లేదో ముందే కనుక్కోండి. చాలామంది పిల్లలు ఆపరేషన్ రోజునో, మర్నాడో రొమ్ము పడతారు.

తీసిన ముక్కను తప్పనిసరిగా బయాప్సీకి పంపమనండి. నల్లగా, నీలంగా ఉండి వారాల్లోనే ఎముకను తింటూ పెరిగే కణితి ఒకటుంది, దాని చికిత్స వేరు. రిపోర్టు చేతికి వచ్చాక సర్జన్‌కు మరోసారి చూపించండి.