జీతం 16 వేలు పెరుగుతుంది, మిగులు పెరుగుతుందా?

ప్రశ్న: మాది విజయనగరం. పైడిభీమవరం ఫార్మా కంపెనీలో 4 ఏళ్ల 8 నెలలుగా చేస్తున్నాను. చేతికి 26 వేలు. హైదరాబాద్‌లో 42 వేలు ఇస్తామంటున్నారు. సొంతిల్లు, అమ్మానాన్న, భార్య, నాలుగేళ్ల పాప. భార్య కుట్టుపనితో 5 వేలు తెస్తుంది. ఇంటి ఖర్చు 17 వేలు. వెళ్లమంటారా?

జవాబు: ఇప్పుడు నెలకు 14 వేలు మిగులుతున్నాయి. పోల్చాల్సింది దీనితో.

భార్యాబిడ్డలతో వెళ్తే అద్దె, మెయింటెనెన్స్ 13 వేలు, సరుకులు, పాలు, కూరలు 9 వేలు, పాప స్కూలు, ఆటో 5 వేలు, పెట్రోలు 3 వేలు, కరెంటు, గ్యాస్, ఫోన్లు 4 వేలు, ఊరి ప్రయాణాలకు నెలవారీగా 2 వేలు, అమ్మానాన్నకు పంపేది 3 వేలు. మొత్తం 39 వేలు. కుట్టు ఆదాయమూ ఆగుతుంది. జాకెట్లు ఇచ్చేది మీ వీధివాళ్లు, ఆ సమయంలో పాపను చూసేది నానమ్మ. మిగిలేది 3 వేలు. అడ్వాన్సు, సామాను లారీ వేరే. ఇప్పటిలా 14 వేలు మిగలాలంటే చేతికి 53 వేలు రావాలి.

ఒక్కరే వెళ్తే లెక్క మారుతుంది. భోజనంతో హాస్టల్ 7,500, తిరుగుళ్లు, ఫోను 2,500, నెలకోసారి ఇంటికి 2 వేలు. మీరు లేని ఇంటికి 13 వేలు చాలు. మిగులు 22 వేలు, అంటే 8 వేలు అదనం. పాప చిన్నది కాబట్టి ఏడాదికి మించి ఇలా ఉండమని నేను చెప్పను. సంక్రాంతి రైలు టికెట్ మాత్రం 60 రోజుల ముందే, పొద్దున్న 8 గంటలకే పట్టుకోండి.

ఆ 42 వేలు చేతికా, సీటీసీనా (కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు)? సీటీసీ అయితే మీదీ కంపెనీదీ రెండు వైపుల పీఎఫ్, గ్రాట్యుటీ (ఏళ్ల సర్వీసుకు మానేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం) పోగా చేతికి 36 వేల దగ్గర ఆగొచ్చు. అప్పుడు ఒంటరిగా వెళ్లినా అదనం 2 వేలే. గ్రూపు ఇన్సూరెన్సులో తల్లిదండ్రులున్నారా అని కూడా అడగండి. చాలాచోట్ల భార్యాపిల్లలకే ఉంటుంది.

రాజీనామా మాత్రం ఈ వారమే ఇవ్వకండి. 5 ఏళ్లు నిండితే గ్రాట్యుటీ వస్తుంది: బేసిక్ 14 వేలనుకుంటే 14,000 × 15/26 × 5, సుమారు 40 వేలు. నోటీసు కాలం కూడా సర్వీసులోకే వస్తుంది. మీది 2 నెలల నోటీసు అయితే, ఇంకో 2 నెలలాగి ఇవ్వండి. ముందే రిలీవ్ చేయమని అడగకండి. పీఎఫ్ డ్రా చేయకుండా అదే యూఏఎన్‌తో (మీ పీఎఫ్ నంబరు) కొత్త కంపెనీకి మార్పించుకోండి. 5 ఏళ్ల లోపు తీస్తే పన్ను పడుతుంది.