తాతగారి బండి నంబరు పోకుండా ఉండాలంటే

హన్మకొండలోని మీ ఇంట్లో తాతగారు నడిపిన 1968 నాటి బుల్లెట్ ఉందనీ, దాన్ని మీ పేరుకు మార్చుకుంటే పాత నంబరు పోతుందేమోననీ అడిగారు. పోనక్కరలేదు. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ చేయని సొంత బండికి ఇదివరకే ఉన్న నంబరును కొనసాగించవచ్చు. ‘వీఏ’ అక్షరాలుండే నంబర్ల వరుస కొత్తగా నమోదయ్యే బండ్లకు మాత్రమే వర్తిస్తుంది. కాబట్టి ముందు తాతగారి ఆర్సీ వెతికి, ఫారం 31తో వారసత్వ బదిలీ పూర్తి చేసుకొని, ఆ తర్వాత ఫారం 20తో పాటు ఇన్సూరెన్సు, పాత ఆర్సీ జతపరిచి వింటేజ్ కింద దరఖాస్తు చేయండి. అయితే అలా నమోదైన బండిని ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతుల వంటి పనులకే రోడ్డెక్కించాలి. రోజూ తిప్పాలనుకుంటే ఈ దారి మీకు సరిపడదు.

ఇక ఆ నంబరు రేకు. మీరు పెట్టిన ఫొటోలో నల్ల రంగు మీద తెల్లగా రాసిన ‘7’ తోక దగ్గర కుంచె ఒక్క క్షణం ఆగి మళ్లీ సాగిన గుర్తు స్పష్టంగా కనిపిస్తోంది. అంత చక్కని చేతిరాతను, దయచేసి, తీగ బ్రష్షుతో రుద్దకండి, కొత్త రంగు వేయించకండి. మెత్తని పొడి గుడ్డతో తుడిచి, తుప్పు పట్టిన వెనక వైపు మాత్రం కుట్టుమిషను నూనె పలుచగా రాయండి.