ట్యూనర్ పెడల్ కొనబోతున్న మేనల్లుడికి

కడప నుంచి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు అనంతపురంలో ఆర్కెస్ట్రాలో చేరావని, బేస్ గిటారుకు ట్యూనర్ పెడల్ (తీగ శ్రుతిలో ఉందో లేదో చూపించే, కాలితో నొక్కే చిన్న పెట్టె) కొనడానికి బెంగళూరు వెళ్లబోతున్నావని అక్క ఫోనులో చెప్పింది. ముప్ఫై ఏళ్లుగా పెళ్లి పందిళ్లలోను, తిరునాళ్లలోను, చర్చిలోను బేస్ వాయించినవాడిని కనుక, నువ్వు డబ్బు ఖర్చు పెట్టకముందే కొన్ని సంగతులు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఫోనులో ఊరికే దొరికే యాప్ ఉండగా వేలు పోసి పెడల్ ఎందుకని బావగారు అడిగారట. ఆ ప్రశ్న సబబైనదే. ఇంట్లో సాధన చేసుకునేవాడికి ఫోను చాలు. స్టేజీ మీద మాత్రం ఫోను మైకుకు డ్రమ్సూ కీబోర్డూ జనం కేకలూ అన్నీ కలిసి వినిపిస్తాయి. గిటారు తలకు తగిలించే క్లిప్ ట్యూనర్ కర్ర అదురును బట్టి చదువుతుంది కనుక, పక్కనే పెద్ద స్పీకరు మోగుతుంటే ఏ అదురు నీ తీగదో దానికి తేలదు. పెడల్ అయితే నీ కేబుల్లో వచ్చే సిగ్నల్‌ను మాత్రమే చూస్తుంది. పైగా కాలితో నొక్కగానే ధ్వని ఆగిపోతుంది కాబట్టి, యాంకర్ తర్వాతి పాట గురించి చెబుతుండగానే జనానికి ఏమీ వినబడకుండా నాలుగు తీగలూ శ్రుతి చేసుకోవచ్చు. నా దృష్టిలో ట్యూనర్ విలువలో సగం ఈ మ్యూట్‌దే.

షాపులో నీకు మొదట చూపించేది సూక్ష్మత. ఒక అర్ధస్వరాన్ని 100 భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక సెంటు. బాస్ కంపెనీ టీయూ-3 పెడల్ ఒక సెంటు వరకు చూపుతుంది, పీటర్సన్ కంపెనీ స్ట్రోబ్ పెడల్ సెంటులో పదో వంతు వరకు చూపుతుంది. గిటార్లకు ఇంటోనేషన్ (మెడ పొడవునా శ్రుతి) సరిచేసే మెకానిక్‌కు ఆ తేడా నిజంగా అవసరం. నీకు అవసరం లేదు. తీగను వేలితో కాస్త గట్టిగా అదిమితేనే ఒక సెంటు కంటే ఎక్కువ మారిపోతుంది. ఆ డబ్బు పెట్టదలిస్తే వెలుతురు బాగా ఉన్న డిస్‌ప్లే మీద పెట్టు. మన సీమలో సాయంత్రం కార్యక్రమానికి సౌండ్ చెక్ చేసేది నాలుగు గంటల ఎండలో. ఆ ఎండకు తీగ సాగి శ్రుతి దిగుతుంది, రాత్రి చల్లబడేసరికి మళ్లీ ఎక్కుతుంది. అంటే ట్యూనర్‌ను నువ్వు ఎక్కువగా చూడవలసిన వేళలోనే దాని లైట్లు కనబడవు. అందుకని జేబులో ఒక 9 వోల్టుల బ్యాటరీ పెట్టుకుని వెళ్లు, దాన్ని పెడల్లో వేయించి గడప దాటి ఎండలోకి తీసుకెళ్లి నిలబడి చూడు. చిన్న సైజు పెడళ్లలో చాలావాటికి బ్యాటరీ గది ఉండదు, వాటికి అడాప్టర్ తప్పనిసరి; అది కూడా అక్కడే తెలిసిపోతుంది.

తర్వాతిది మంద్రమైన తీగ పరీక్ష. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే మంద్రమైన E తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది, అయిదు తీగల బేస్‌లో B తీగ దాదాపు 31 సార్లే. ఇంత మంద్రంలో మూలస్వరం కంటే దాని పైస్వరాలు బలంగా ఉండటం వల్ల కొన్ని ట్యూనర్లు తడబడతాయి, సూది అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. నువ్వు ఆ తీగను బొటనవేలితో మెత్తగా మీటి, సూది ఎంతసేపటికి నిలుస్తుందో గమనించు. నిలవకపోతే టోన్ నాబ్ తగ్గించి, పన్నెండో ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగను అదమకుండా వేలితో తాకి మీటే స్వరం) మీటి చూడు. అప్పుడు కూడా తడబడితే ఆ పెడల్ నీకు వద్దు.

ట్రూ బైపాసా (ఆపి ఉన్నప్పుడు సిగ్నల్‌ను నేరుగా వదిలేసేది), బఫరా (సిగ్నల్‌కు బలమిచ్చి పంపేది) అనే చర్చ నిన్ను ఎక్కువగా తికమక పెడుతుంది. బ్యాటరీ లేని మామూలు బేస్‌లో తీగ కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే పికప్ నుంచి వచ్చే సిగ్నల్ బలహీనమైనది. కేబుల్ పొడవు పెరిగిన కొద్దీ దాని కెపాసిటెన్స్ (విద్యుత్తును నిలవ చేసుకునే గుణం) పెరిగి, పైస్థాయి స్వరాల మెరుపు అణగిపోతుంది. ట్రూ బైపాస్ పెడల్ పెడితే దానికి ముందున్న కేబులూ, వెనక ఆంప్లిఫయర్ దాకా పోయే కేబులూ రెండూ కలిసి భారమవుతాయి. బఫర్ ఉంటే మొదటి కేబుల్ భారం మాత్రమే మిగులుతుంది. స్టేజీ మీద నీ ఆంప్ పది మీటర్ల దూరంలో ఉంటే బఫర్ ఉన్నదే మేలు. టీయూ-3లో బఫర్ ఉంది, పాలీట్యూన్ 3 అనే పెడల్‌లో రెంటిలో ఏది కావాలో లోపల ఉండే చిన్న స్విచ్‌తో ఎంచుకోవచ్చు. నీ బేస్ వెనక బ్యాటరీ ఉండి, లోపల ప్రీఆంప్ (సిగ్నల్‌ను బలపరిచే సర్క్యూట్) ఉంటే ఈ చర్చతో నీకు పనిలేదు. ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతాను: బఫర్ పెడల్‌కు పవర్ అందకపోతే ధ్వని కూడా పోతుంది. అందుకని అడాప్టర్ పెట్టుకున్నా లోపల బ్యాటరీ వేసి ఉంచు. అడాప్టర్ 9 వోల్టులది, నడుమ మైనస్ ఉన్నది అయి ఉండాలి. కీబోర్డు వాళ్ల అడాప్టర్ మొన దూరింది కదా అని పెట్టవద్దు, పెడల్ కాలిపోవచ్చు.

ప్రమాణ శ్రుతి, అంటే A స్వరం సెకనుకు ఎన్నిసార్లు కంపించాలని ట్యూనర్ లెక్క వేసుకునే అంకె (మామూలుగా 440), దాని గురించి నా పొరపాటే చెబుతాను. ఒక పెళ్లి రిసెప్షన్‌లో నా ట్యూనర్ చక్కగా పచ్చలైటు చూపిస్తున్నా, కీబోర్డుతో కలిపి వాయిస్తే ఏదో చేదుగా ఉంది. మూడు పాటలు అలాగే గడిచాయి. సంచిలో ఏదో తగిలి బటన్ నొక్కుకుని, 440 కాస్తా 442 అయిందని ఆ తర్వాత చూశాను. ఆ తేడా దాదాపు 8 సెంట్లు, చెవికి అందేంత. నువ్వు ఆ బటన్ సులభంగా నొక్కుకోని పెడల్‌నే ఎంచుకో, వాయించే ముందు అంకె ఒకసారి చూసుకో. అయితే ఆ బటన్ అసలే లేని పెడల్ కూడా వద్దు. భజన బృందంతో వాయించవలసి వస్తే హార్మోనియం రీడ్లను అప్పటికప్పుడు మార్చలేరు, నువ్వే దానికి సర్దుకోవాలి. టీయూ-3లో 436 నుంచి 445 వరకు మార్చుకోవచ్చు. హార్మోనియం మీద A స్వరం పట్టించి, నీ A తీగను చెవితో కలుపుకుని, పచ్చలైటు వచ్చేదాకా ఆ అంకెను జరుపు.

ఇన్ని చెప్పాక ఏది కొనాలో కూడా చెప్పకపోతే బాగుండదు. నీ చోట నేనుంటే టీయూ-3 కొంటాను. డబ్బు చాలకపోతే దానికి ముందు వచ్చిన టీయూ-2 సెకండ్ హ్యాండ్‌లో దొరికినా తీసుకో, కాకపోతే ఫుట్ స్విచ్‌ను ఇరవై సార్లు నొక్కి చూడు. అన్ని తీగలూ ఒకేసారి మీటి చూసే పాలీట్యూన్ సదుపాయం ఆరు తీగల గిటారిస్టుకు ముచ్చటైనదే గాని, నాలుగు తీగలకు అంత అక్కర లేదు. షాపులో ఉన్న గిటారుతో కాక నీ బేస్‌తోనే, నీ కేబుల్‌తోనే పరీక్షించు. బస్సులో బేస్‌ను పైన వేయకుండా ఒళ్లో పెట్టుకుని వెళ్లు. అక్కను, బావగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామ