టైపు పొరపాట్లను సరిదిద్దే కమాండ్ లైన్ టూల్: ప్రతి ఫిర్యాదుకూ కొత్త రూల్ రాయాలా?

తప్పుగా కొట్టిన కమాండ్‌కు బదులు సరైనదాన్ని సూచించే, పాత నిర్వాహకులు వదిలేసిన టూల్‌ను మీరు చేపట్టారనీ, తప్పుడు సూచనలపై వచ్చే ప్రతి ఫిర్యాదుకూ ఒక కొత్త రూల్ (ఏ పొరపాటుకు ఏ సూచన చూపాలో చెప్పే నియమం) రాయాలా అనీ అడిగారు. రాయవద్దనే నా సలహా. ఇలాంటి టూల్‌నే మా బృందం కోసం కొన్నేళ్లు నిర్వహించాను. మొదటి ఏడాదంతా ఫిర్యాదు రాగానే రూల్ చేర్చేవాణ్ణి. అది అంతవరకు సరిగా వస్తున్న మరో సూచనను చెడగొట్టేది. దాన్ని చక్కదిద్దడానికి ఇంకొకటి రాయవలసి వచ్చేది.

అసలు లోపం రూల్స్‌లో లేదనీ, రెండు పదాల మధ్య దూరాన్ని కొలిచే పద్ధతిలో ఉందనీ ఆలస్యంగా గ్రహించాను. మేము వాడినది 1965 నాటి లెవెన్‌ష్టెయిన్ దూరం, అంటే ఒక పదాన్ని మరో పదంగా మార్చడానికి ఎన్ని అక్షరాలను చేర్చాలో, తీసేయాలో, మార్చాలో చెప్పే లెక్క. పక్కపక్క అక్షరాలు తారుమారైతే అది రెండు తప్పులుగా లెక్కిస్తుంది. అందువల్ల ‘ఎల్‌ఎస్’ (ls) కొట్టబోయి ‘ఎస్‌ఎల్’ (sl) కొట్టినవారికి, ఒక్క అక్షరమే తేడా ఉన్న ‘ఎస్‌హెచ్’ (sh), ‘ఎస్‌యూ’ (su) అనే వేరే కమాండ్లు ముందు కనిపించేవి. అక్షరం జారడం, అదనంగా పడడం, మారడం, పక్క అక్షరంతో తారుమారు కావడం అనే నాలుగు రకాల్లో ఏదో ఒక్క పొరపాటే ఎనభై శాతానికి పైగా అక్షర దోషాలకు కారణమని పరిశోధకుడు డామెరౌ 1964లోనే చూపారు. తారుమారును ఒక్క తప్పుగా లెక్కించే ఆయన పద్ధతికి మారగానే నేను రాసిన రూల్స్‌లో చాలావాటి అవసరం తీరిపోయింది. రెండు మూడు అక్షరాల కమాండ్లకు దూరం ఒక్కటే చాలదు కనుక, సమాన దూరంలో ఉన్నవాటిలో వాడుకరి హిస్టరీలో (అంతకుముందు కొట్టిన కమాండ్ల జాబితాలో) ఎక్కువసార్లు కనిపించేదాన్ని ముందుంచండి.

ఇంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. ఎర్రర్ సందేశం చదవడానికి మా టూల్ విఫలమైన కమాండ్‌ను మళ్లీ నడిపేది. ఒకసారి సగం పని చేసి ఆగిన కమాండ్ అలా రెండోసారి నడిచి, అవే ఫైళ్లను మళ్లీ పంపింది. ఆ రోజే ఆ భాగాన్ని తొలగించాను. కొట్టిన కమాండ్లను అందుకుని నడిపే ప్రోగ్రామ్ అయిన షెల్, పని ముగిశాక ఫలితాన్ని తెలిపే ఎగ్జిట్ కోడ్‌గా 127 ఇచ్చిందంటే సాధారణంగా ఆ పేరుతో కమాండ్ దొరకలేదని అర్థం. మీ టూల్ అక్కడే జోక్యం చేసుకుంటే చాలు. బాష్ అనే షెల్‌లో నాలుగో వెర్షన్ నుంచి ఇందుకు ప్రత్యేకంగా ఒక హుక్ (కమాండ్ దొరకనప్పుడు మన కోడ్‌ను పిలిచే ఏర్పాటు) ఉంది. అయితే అది అసలు షెల్‌లో కాక వేరే పరిసరంలో నడుస్తుంది కాబట్టి, డైరెక్టరీని మార్చే ‘సీడీ’ (cd) కమాండ్‌ను అందులో సరిదిద్ది నడిపినా వాడుకరి ఉన్న డైరెక్టరీ మారదు. దాన్ని అసలు షెల్‌లోని ఫంక్షన్ ద్వారానే చేయాలి.

సూచనను దానంతటదే నడిపించే సౌకర్యం కావాలని కొందరు పట్టుబడతారు. కోడ్‌లో మార్పులను భద్రపరిచే గిట్ అనే టూల్‌లో, తప్పుగా కొట్టిన కమాండ్‌ను సరిదిద్ది దానంతటదే నడిపే ఆటోకరెక్ట్ సెట్టింగ్‌కు ఇచ్చే అంకె సెకనులో పదో వంతుల లెక్కన ఉంటుంది. అక్కడ 10 అని పెడితే ఆగి ఆలోచించడానికి మిగిలేది ఒక్క సెకను. ఎంటర్ నొక్కితేనే నడిచే పద్ధతిని మీరు వదులుకోవద్దు.

వేగం విషయానికొస్తే, రూల్స్ అన్నింటినీ మొదట్లోనే లోడ్ చేయకుండా అవసరమైనప్పుడే తెచ్చుకోవడం మాకు సరిపోయింది.

వచ్చిన ఫిర్యాదులను మాత్రం పారేయకండి. కొట్టినది, ఆశించినది, టూల్ చూపినది ఒక్కో వరుసగా రాసి, ఆ పట్టికనే టెస్టుగా నడపండి. పాత రూల్స్‌ను ఒక్కొక్కటిగా తీసేస్తూ, పట్టికలో ఏ వరుసా తప్పనంతవరకు ముందుకు సాగండి.