తీర్పు విన్నవాళ్లకు పేర్లు పెట్టు, తమ్ముడూ

తమ్ముడూ,

షికాగో జస్సీ స్మోలెట్ కేసు తీర్పు మీద నువ్వు రాసిన కథ అందింది. ఫోన్‌లో చదివితే నా కండ్లకు ఆనదని గడియారం సెంటర్ దగ్గర ప్రింట్ తీయించుకుని చదివాను. చదువుతూ చదువుతూ ఒక చోట పెన్ను తీసి అడ్డంగా గీత కొట్టాను, అంత కోపం వచ్చింది. ఆ చోటు ఇది: "శిక్ష విని అమెరికా సమాజం నివ్వెరపోయింది. ఇటు నల్లగొండ జనం భగ్గుమన్నారు."

ఎవరు భగ్గుమన్నది? ఎక్కడ కూర్చొని? నల్లగొండలో నేను పుట్టి పెరిగాను, మూకుమ్మడిగా ఒకే మాట మీద భగ్గుమన్న జనాన్ని నేనైతే చూడలేదు. పానగల్లులో ఒకాయన భగ్గుమంటే ఆయన తమ్ముడే పక్కనుండి "నీకెందుకే" అంటాడు. వార్త రాసేవాడు అట్లా రాస్తే సరే, వాడికి సాయంత్రం ఆరుకల్లా పేజీ పోవాలి. నీకేం తొందర?

మంచి సంగతి ఒకటి చెప్పి మళ్లీ తిట్టుడుకు వస్తాను. షికాగోలో ఎమ్మెస్ చేస్తున్న కొడుకు ఫోన్‌లో ఆ కేసు గురించి చెప్తుంటే దేవరకొండ దగ్గర ఊళ్లో తల్లి అంతా విని, "అక్కడ గూడ ఎంక్వైరీకి డీఎస్పీయే వస్తడా?" అని అడుగుతుంది చూడు, ఆ ముక్క దగ్గర ఆగిపోయాను. అట్రాసిటీ కేసును, అంటే ఎస్సీ, ఎస్టీల మీద జరిగిన దౌర్జన్యం కేసును, డీఎస్పీకి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలని రూల్స్‌లో ఉంది, అది పుస్తకంలో చదివిన ముక్క కాదు ఆమెకు, వాకిట్లో జీపు ఆగడం చూసిన మనిషి అడిగే ప్రశ్న. కథలో తీర్పు మీద వచ్చిన అసలైన స్పందన అదొక్కటే. దాన్ని తీసుకుపోయి రెండు పేజీల ఆవేశం కింద పూడ్చిపెట్టావు.

నా పాత పాట నీకు తెలిసే ఉంటుంది, మా దోస్తులు దాన్ని నా చాదస్తం అంటారు. తీర్పు వచ్చిన రోజు ఎవరూ తీర్పు గురించి మాట్లాడరు. తమ ఇంటి సంగతి మాట్లాడతారు, తమ గట్టు పంచాయితీ, తమ కూతురి పెండ్లి, తమ మీద పడ్డ కేసు, తమకు రాని ప్రమోషన్. రచయిత పని ఆ లోపలి సంగతి పట్టుకోవడం. "శిక్ష తక్కువైంది", "ఎక్కువైంది" అన్న మాటలు ఎవరైనా రాస్తారు, ఆ మాట అన్నవాడికి అందులో ఏం గిట్టుబాటు ఉందో చూడాలి.

నువ్వు ఎత్తుకున్న షికాగో కేసునే చూడు. 2019 జనవరి 29, గడ్డకట్టే చలిలో తెల్లవారుజామున రెండు గంటలప్పుడు, జస్సీ స్మోలెట్ అనే నల్లజాతి నటుడు, స్వలింగ సంపర్కుడు, తనను ఇద్దరు తిట్టి, కొట్టి, మెడకు తాడు వేశారని ఫిర్యాదు చేశాడు. మెడకు తాడంటే అక్కడి నల్లవాళ్లకు ఎన్ని తరాల భయమో నీకు తెలుసు కదా. పెద్ద పెద్ద నాయకులు ఆ రోజే ఖండించారు. నెల తిరక్కముందే పోలీసులు కథ అడ్డం తిప్పారు: తెలిసిన ఇద్దరు అన్నదమ్ములకు 3,500 డాలర్ల చెక్కు ఇచ్చి తనే ఈ నాటకం ఆడించాడన్నారు. ఆయన కాదన్నాడు, ఈ రోజుకీ కాదనే అంటున్నాడు. మార్చిలో ప్రాసిక్యూటర్ ఆఫీసు కేసు ఎత్తేసింది, కట్టిన 10,000 డాలర్ల బెయిల్ బాండ్ వదులుకొని, కొంత సమాజ సేవ చేసినందుకు. అప్పుడు మేయర్ మండిపడ్డాడు. ఆయన మంటలో న్యాయం ఎంతో నేను చెప్పలేను గానీ ఒక లెక్క మాత్రం ఉంది, పోలీసుల ఓవర్‌టైమ్ 1,30,106 డాలర్లు, కట్టమని ఊరి తరఫున దావా కూడా వేశారు. ప్రత్యేక ప్రాసిక్యూటర్ వచ్చాడు, మళ్లీ కేసు నడిచింది, 2021 డిసెంబర్‌లో జ్యూరీ ఆరు అభియోగాల్లో ఐదింట దోషి అన్నది.

2022 మార్చి 10న శిక్ష. నువ్వు ఈ రోజును "కోర్టు హాలు కిక్కిరిసింది" అని దాటేశావు. అయ్యా, అసలు కథంతా అక్కడుంటే! 92 ఏండ్ల నానమ్మ సాక్షిగా నిలబడి, వాణ్ని జైలుకు పంపితే నన్నూ వాడితో పంపండి అన్నది. పేరున్న నటులు, హక్కుల సంఘాల పెద్దలు కనికరించమని ఉత్తరాలు రాశారు. జడ్జి అవన్నీ విని, నిజంగా ఇట్లాంటి దెబ్బలు తిన్నవాళ్లకు నువ్వు చేసిన చెరుపు చిన్నది కాదని గట్టిగా మందలించి, 150 రోజుల జైలు, 30 నెలల ప్రొబేషన్, ఊరికి 1,20,106 డాలర్లు, మీద 25,000 డాలర్ల జరిమానా వేశాడు. ముద్దాయి లేచి, నాకు చచ్చిపోవాలని లేదు, లోపల నాకేమన్నా అయితే అది నా చేతులతో చేసుకున్నది కాదు అని అరిచాడు, పిడికిలి ఎత్తి బయటికి నడిచాడు. అదే రోజు, మొదట కేసు ఎత్తేసిన ఆఫీసు పెద్దమనిషే, ఈ ప్రాసిక్యూషనే తప్పని పేపర్‌లో వ్యాసం రాసింది. చూశావా? ఆమె శిక్ష గురించి రాసిందా, తన ఆఫీసు గురించి రాసుకుందా? నేనైతే ఆమెను తప్పు పట్టను, ఆమెను పాత్రగా తీసుకుంటాను. నీ కథలో ఆమె లేదు, నానమ్మ లేదు, మేయర్ లెక్క లేదు. "సమాజం" ఉంది.

ఇంకొకటి, ఇది మాత్రం క్షమించేది లేదు. ఆఖర్లో "పై కోర్టు అతన్ని నిర్దోషిగా తేల్చింది" అని రాశావు. తేల్చలేదు తమ్ముడూ. ఆరు రోజులకే అప్పీలు మీద బయటికి వచ్చాడు, నిజమే. 2024 నవంబర్ 21న ఇల్లినాయ్ సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది, అదీ నిజమే. కానీ దేనికి? ప్రభుత్వం మొదట ఒక ఒప్పందం చేసుకుని, అవతలివాడు తన వంతు నెరవేర్చాక, మాట తప్పి మళ్లీ కేసు పెట్టకూడదని. దాడి జరిగిందా, నాటకమా అన్న ప్రశ్న జోలికి పోలేదు. ఆ వార్త వచ్చిన రోజు సగం మంది "నిర్దోషి" అని సంబరపడ్డారు, సగం మంది "డబ్బున్నోడు తప్పించుకున్నడు" అన్నారు. రెండు గుంపులూ హెడ్డింగే చదివాయి. నువ్వు కూడా. నీకు ఎంత కష్టమైనా చెప్తున్నాను, తీర్పు కాగితం చదవకుండా తీర్పు మీద కథ రాయొద్దు. ఇంగ్లీషు రాకపోతే ఏ జూనియర్ లాయర్‌నో బతిమిలాడి చాయ్ తాగించి అర్థం చెప్పించుకో.

ఇక మన దిక్కు. మీ మామ పాత్ర "చూసినవా, అక్కడ గూడ అన్నీ దొంగ కేసులే" అంటాడు. సరే, అంటాడు. ఎందుకంటాడు? ఆయన మీద కేసుందా? పొలం కాడ ఎవరితోనన్నా పడిందా? కారణం ఇవ్వకపోతే ఆ మాట నీదైపోతుంది, పాఠకుడు నిన్నే అనుకుంటాడు. పైగా ఇక్కడ కొట్టేసిన కేసు వేరు, దొంగ కేసు వేరు. సాక్షులు తిరగబడితే కేసు పోతుంది. ఊరి పెద్దలు కూర్చోబెట్టి రాజీ చేస్తే పోతుంది. పోలీసులే "మిస్టేక్ ఆఫ్ ఫాక్ట్", అంటే ఫిర్యాదుదారు పొరపాటు పడ్డాడు అని రాసి మూస్తే పోతుంది. నేర గణాంకాల లెక్కల్లో కూడా అబద్ధం అన్న గడి వేరే, నిజమే గానీ ఆధారాలు చాలలేదు అన్న గడి వేరే. మీ మామ అన్నీ ఒకే సంచిలో వేస్తాడు. వెయ్యనీ, కానీ నువ్వు వెయ్యకు.

నేను కథలు రాయడం నేర్చుకున్నది ఏ వర్క్‌షాప్‌లోనూ కాదు. అప్పట్లో అవి లేవు, ఇప్పుడు ఎక్కువై చస్తున్నాం. కోర్టు బయట చెట్టు కింద టైపు మిషన్ పెట్టుకుని దరఖాస్తులు కొట్టేవాణ్ని. ఒకరోజు ఒక పెద్దాయన వచ్చాడు, మోచేయి వాచి ఉంది. ఏం జరిగిందే అంటే, "చెప్పులు తియ్యమన్నడు, తీసిన. చేత్తో పట్టుకొమ్మన్నడు, పట్టుకున్న. ఇంక ఏం చెయ్యాలె సారూ, అప్పుడు కొట్టిండు" అన్నాడు. ఏడవలేదు, నిజంగానే నన్ను అడుగుతున్నాడు, ఇంక ఏం చెయ్యాలి అని. పక్కనున్న లాయరు గుమస్తా నాకు చెప్పి కొట్టించింది ఏమిటంటే, "పలువురు చూచుచుండగా కులం పేరుతో దూషించి, చెప్పులతో కొట్టి, చంపుతామని బెదిరించినారు". సెక్షన్‌కు ఆ మాటలు కావాలి మరి. ఆయన నోట్లో ఉన్నది ఒక్కటి కూడా కాగితం మీదికి రాలేదు, చెప్పులతో కొట్టారని ఆయన అననే లేదు. తర్వాత కోర్టులో అవతలి లాయర్, చెప్పులతో కొట్టారా, కట్టెతో కొట్టారా అని పట్టుకున్నాడు. చూసిన ఇద్దరు సాక్షులు ఆ కొట్టిన పటేల్ పొలంలోనే కూలీకి పోయేవాళ్లు, మేం చూడలేదన్నారు. కేసు పోయింది. ఊరు ఏమన్నదని అడుగు. "పైసల కోసం పెట్టిన దొంగ కేసు."

ఈ మాట వినీ వినీ 2018 మార్చి 20న అట్రాసిటీ చట్టం మీద తీర్పు వచ్చిన రోజు నాకు కొత్తగా అనిపించలేదు. చట్టం దుర్వినియోగం అవుతోంది, ముందు ప్రాథమిక విచారణ జరగాలి, అరెస్టుకు అనుమతి కావాలి అన్నది సుప్రీంకోర్టు. ఏప్రిల్ 2న భారత్ బంద్, ఆగస్టులో పార్లమెంటు ఆ రెండూ అక్కర్లేదని 18ఎ సెక్షన్ తెచ్చింది, 2019 అక్టోబర్ 1న కోర్టే తన ఆదేశాలు వెనక్కి తీసుకుంటూ, ఒక వర్గం మొత్తం చట్టాన్ని తప్పుగా వాడుతుందని అనుకోవడానికి వీల్లేదన్నది. ఇది నీ కథలో పెట్టమని కాదు, పెడితే వ్యాసం అవుతుంది. మీ మామ నోట్లో ఆ మాట ఎక్కడినుంచి వచ్చి పడిందో నీకు తెలిసి ఉండాలని.

ఆ పెద్దాయన మాటలు అట్లనే పెట్టి నేను కథ రాస్తే ఒక ఆదివారం అనుబంధం ఎడిటర్ గారు "తియ్యమన్నాడు, తీశాను" అని దిద్ది, "ఇంక ఏం చెయ్యాలె సారూ" అన్నది కొట్టేసి వేశాడు. అడిగితే, స్థలాభావం అన్నాడు! ఎనిమిది అక్షరాల జాగాకు స్థలాభావమా. ఆ పేజీలోనే కింద జుట్టు రాలకుండా నూనె ప్రకటన జానెడుంది. ఇప్పుడు అదే బాపతు మనుషులు పోటీలు పెట్టి "మాండలికం తప్పనిసరి, ఆఖర్లో మెరుపు ఉండాలి, పదాలు ఇన్నికి మించరాదు" అంటున్నారు. నీ కథ ఆఖర్లో ఫిర్యాదు చేసిన అమ్మాయే అబద్ధం చెప్పిందని బయటపడుతుంది కదా, అది ఆ మెరుపు జబ్బే. బహుమతి కోసం ఒక ఆడపిల్లను అబద్ధాలకోరుని చేశావు. అట్లాంటి పిల్ల ఉండదని నేననను, మనుషులన్నాక అన్ని కులాల్లోనూ అబద్ధమాడతారు. ఆడితే ఎందుకు ఆడింది, ఎవరు ఆడించారు, రాత్రి ఏం తిని పడుకుంది అనేవి ముందు పేజీల్లో ఉండాలి, చివరి వాక్యంలో టపాసు లెక్క పేల్చొద్దు.

2025 మార్చి 10న నేను మన కోర్టు ముందు హోటల్లో ఉన్నాను. మిర్యాలగూడ పరువు హత్య కేసు, 2018 సెప్టెంబర్‌లో ఆసుపత్రి ముందర, కడుపుతో ఉన్న భార్య చూస్తుండగా జరిగింది, దాని తీర్పు ఆ రోజు. ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం. (షికాగో శిక్షదీ అదే తేదీ అని నీకిప్పుడు తడుతుంది. తట్టినా కథలోకి ఎక్కించకు, నిజంగా జరిగినా పాఠకుడు నమ్మడు.) హోటల్లో నా ఎదురుగా కూర్చున్నాయన, మంచి ఇస్త్రీ బట్టలు, టీవీలో ఉరి అనగానే చాయ్ కప్పు సాసర్‌లో పెట్టి ఫోన్ తీశాడు. "ఎప్పుడొస్తున్నవమ్మా? అల్లుణ్ని గూడ తోల్కరా" అన్నాడు. అవతలేమన్నారో, "ఊరికెనే" అని పెట్టేశాడు. పక్క బల్ల కాడ నలుగురు ఉరి ఉండాలా వద్దా అని గొంతులు చించుకుంటున్నారు, వాళ్లవి ఒక్క ముక్క నాకు గుర్తులేదు. చాయ్ పోసే పిలగాడైతే టీవీ వైపే చూడలేదు, ఆ రోజు గిరాకీ మూడింతలు మరి.

అట్లాంటివి రాయి. షికాగోలో నీ కుర్రాడి రూమ్మేట్లు ఎవరెవరు? రాత్రి డ్యూటీ చేసి బంకు నుంచి వచ్చిన పిల్లగాడు ఆ 150 రోజులు విని ఏమంటాడు, తనను దారిలో ఎవరో తిట్టిన సంగతి పోలీసులకు చెప్పుకోకుండా మింగినవాడైతే? ఆ తల్లి ఫోన్ పెట్టేశాక ఎవరింటికి పోయింది?

కలం పేరు, పుస్తకం ఎప్పుడు వేయాలి, ముందుమాట రాస్తావా అన్నవి తర్వాత చూద్దాం. ముందుమాట అయితే రాయను, ఇప్పుడే చెప్తున్నా.

జడ్జి గారి ఉపన్యాసం పేజీన్నర కొట్టెయ్. డీఎస్పీ ప్రశ్నను మొదటి పేజీకి తీసుకురా. దసరా లోపల మళ్లీ పంపు, ఈసారి పీడీఎఫ్ కాదు, పోస్టులో పంపు.

ఉంటాను,
మీ అన్న